ఇంకా రాని కారుకు నక్షా

మామ పోయిన సంగతి నాకు సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర, కరపత్రాలు పంచుతుండగా తెలిసింది. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పొద్దున్నే ఊరవతలి కాలనీ నుంచి కుంభారి బస్సులో వచ్చి దిగే ఆడవాళ్ళకు ఒక్కొక్కరికీ కాగితం ఇస్తున్నాను. కనీస వేతనం గురించి నేనే రాసిన కరపత్రం. ఒక పెద్దమ్మ దాన్ని తీసుకుని నాలుగు మడతలు పెట్టి, తట్టలో బీడీ కట్టల కింద దాచి, నా మొహంలోకి చూసింది.

"నీ కాగితం ఇంటికి పోయి ఎవల్తోనన్న చదివిపిచ్చుకుంట గని, మీ జపాన్ మామ పోయిండు. నీకు ఎరికేనా?"

"ఎప్పుడు?"

"మొన్న. పగటీలి తిని పండుకున్నడు, లేవనే లేదు. నిన్ననే అంత అయిపోయింది. నువ్వు కనవడకపోతివి, ఊర్ల లేవనుకున్నం."

నేను ఊళ్ళోనే ఉన్నాను. మామను మట్టిచేసిన పొద్దుటిపూట నేను అశోక్ చౌక్‌లో టీ తాగుతూ, శ్రమజీవుల ఐక్యత గురించి ఎవరితోనో గొంతు చించుకుని వాదిస్తూ ఉన్నాను. నా చేతిలో ఇంకా సగం కట్ట మిగిలి ఉంది. పెద్దమ్మ వెళ్ళిపోయాక ఆ సగం కూడా పంచేశాను. ఎందుకు పంచానో ఇప్పటికీ చెప్పలేను. చేతులు అప్పటిదాకా ఏం చేస్తున్నాయో అదే చేశాయి.

ఆయన పేరు ఇక్కడ రాయను. మా వాడలో ఆయనను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. నాకు వరసకు మామ. ఆ వరస ఎక్కడ కలిసిందో మా అమ్మకు కూడా సరిగా తెలియదు. మా తాతలూ వాళ్ళ తాతలూ కరీంనగర్ వైపు పక్కపక్క ఊళ్ళ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ సోలాపూర్ వచ్చారు, ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు పెట్టారు, అంతే. వాడంతా మాత్రం ఆయనను జపాన్ మామ అనేది. వెక్కిరింపుగానే మొదలైన పేరు. తరవాత అదే పేరైపోయింది.

ఆయన పని చద్దర్లకు నక్షా గీయడం. మా సోలాపూర్ చద్దరు కప్పుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు గానీ, దాని మీది నెమలి ఎట్లా వచ్చిందో అడిగినవాళ్ళు తక్కువ. ముందు ఆ నెమలిని గళ్ళ కాగితం మీద గీయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ గళ్ళను చూసుకుంటూ అట్టలకు రంధ్రాలు కొట్టాలి. అట్టలన్నీ వరసగా కుట్టి సాంచె, అంటే కరెంటు మగ్గం మీద ఉండే జకార్డు యంత్రానికి ఎక్కిస్తే, రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. అట్లా నెమలి దిగుతుంది. మామ ఆ గళ్ళ కాగితం ముందు నలభై ఏళ్ళు కూర్చున్నాడు. నెమళ్ళు, గులాబీలు, తాజ్‌మహళ్ళు, పెళ్ళి చద్దర్ల మీద రెండేసి హంసలు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు.

జపాన్ పిచ్చి ఎట్లా పట్టిందో ఆయనే చెప్పాడు. ఎప్పుడో వాళ్ళ సేటుకు ఆ దేశం నుంచి తువ్వాళ్ళ ఆర్డరు వచ్చిందట. పంపిన నమూనా తిరిగొచ్చింది. ఒక మూల ఎర్ర పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి ఉంది. మామ భూతద్దం పెట్టి చూస్తే అక్కడ ఒక్క పోగు తప్పు పడింది. ఆయన గడి తప్పు.

"సేటు నన్ను తిట్టిండు. నాకు మాత్రం ఏడుపచ్చింది రా. బాధకు గాదు. నా జిందగీల నా పనిని గంత పరీక్షగ చూసినోళ్ళు ఎవలున్నరు? గంత దూరం కూసోని, ఒక్క పోగు పట్టిన్రు!"

ఆ రోజు నుంచి ఆ దేశంవాళ్ళు చేసే ప్రతి వస్తువూ ఆయనకు చుట్టమైపోయింది. రేడియోల మీద మొదలై గడియారాల మీదుగా చివరికి కార్ల దగ్గర ఆగింది. అందులోనూ ఖరీదైన వాటిని చూసేవాడు కాదు. చిన్నవి, తేలికవి, రెండు తలుపులవి, ఇంజన్ వెనక చక్రాలను తిప్పేవి, మామూలు జీతగాళ్ళు కొనుక్కోగలిగే స్పోర్ట్స్ కార్లు. వాటిలోనూ ఇంకా బయటికి రానివి. వస్తాయో రావో తెలియనివి.

నేను పదో తరగతితో బడి మానేసి కండెలు చుట్టే పనిలో చేరినవాణ్ణి. నాకు చదువు చెప్పింది కరపత్రాలు. యూనియన్ ఆఫీసు మూలన పడున్న పాత కట్టలన్నీ చదివాను, తెలుగువీ మరాఠీవీ అయిపోయాక డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషువీ చదివాను. మామ ఫోనులో వచ్చే కార్ల వార్తలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. ఆయనకు అంకెలు, బొమ్మలు తప్ప అందులో ఏమీ అర్థమయ్యేది కాదు. ఒక సాయంత్రం సేటు సాంచెల షెడ్డు మెట్ల మీద నన్ను ఆపి, గీతలు పడ్డ ఆ ఫోను చేతిలో పెట్టాడు.

"లీడర్, నీకు ఇంగ్లీష్ వస్తదంట గద. ఇదేమంటున్నదో జర చెప్పు. ముందుగాల సిలిండర్లు ఎన్నంటున్నడో చెప్పు."

నన్ను లీడర్ అని పిలిచిన మొదటి మనిషి ఆయనే. ఇప్పటికీ ఆయనొక్కడే.

అట్లా మొదలై రెండేళ్ళు సాగింది. పని దిగాక షెడ్డు పై గదికి వెళ్ళేవాణ్ణి. నేను చదివి తెలుగులో చెప్పాలి, ఆయన వినాలి. వార్త ఎప్పుడూ ఇంచుమించు ఒకటే. జపాన్‌లో ఒక పెద్ద కంపెనీ తక్కువ ధరలో చిన్న స్పోర్ట్స్ కారు తేబోతోందట. ఆ "అట" మీదనే లోకంలో వేలమంది బతుకుతున్నారని నాకు అప్పుడే తెలిసింది. ఒకడు మూడు సిలిండర్ల టర్బో అంటాడు. ఇంకొకడు కొత్తగా తయారవుతున్న నాలుగు సిలిండర్లదే వస్తుందని ఒట్టేస్తాడు. ఇంజన్ ముందు ఉంటుందని ఒక వర్గం, కాదు సీట్ల వెనక అని ఇంకో వర్గం. ఇంజన్‌కు తోడుగా బ్యాటరీ మోటారు పెడతారని ఎవడైనా రాస్తే కింద యాభైమంది శాపనార్థాలు. కంపెనీ మాత్రం నోరు విప్పదు.

మామ ఆ వాదాలన్నీ వినేవాడు. ఊరికే వినేవాడు కాదు, గళ్ళ కాగితం ముందేసుకుని వినేవాడు.

"మూడు సిలిండర్లయితె ముక్కు పొట్టిగ రావాలె. నాలుగైతె బెత్తెడు లాంగ్. ఎనకకు వెడితె ముక్కే ఉండది, కప్ప లెక్క కూసుంటది. మరి వాళ్ళు ఇంజన్ తేల్చకుంట నేను బానెట్ ఎట్ల గియ్యాల్రా?"

"అందాజాగ గీయరాదు మామా?"

"అందాజా ఏంది? తెల్వనప్పుడు తెల్వదనాలె. గళ్ళు ఖాళీగ ఉంచాలె."

అట్లాగే ఉంచేవాడు. తలుపులు, అద్దాలు, వెనక దీపాలు, అన్నీ పోగు పోగూ లెక్కగట్టి నింపేవాడు. ముందు భాగం వచ్చేసరికి పెన్సిల్ ఎత్తేసేవాడు. ఆ కాగితాల మీది కార్లన్నీ గోడలో సగం దూరినట్టు ఉండేవి.

ఇంజన్ల గురించి ఆయనకు పుస్తకంలో నేర్చుకున్నదేమీ లేదు. అన్నీ సాంచెల మధ్య తిరిగి తెలుసుకున్నవే. "మూడు కాళ్ళ పీట కదలది గని, మూడు సిలిండర్ల ఇంజన్ ఆడుతది రా. అందుకనే లోపల ఇంకో షాఫ్ట్ ఉల్టా తిప్పుతరు, ఆట ఆగాలని. మన సాంచె ఆడితె మనమేం చేస్తం? కాలు కింద చెక్కముక్క కొడ్తం. అక్కడోడు షాఫ్ట్ వెడ్తడు, ఇక్కడోడు చెక్కముక్క వెడ్తడు. ఇద్దరి బాధ ఒకటే." సిలిండర్లు రెండు పక్కలకూ పడుకుని ఉండే ఇంజన్ ఒకటుంది. దాని బొమ్మ చూపిస్తే చాలాసేపు చూసి, "ఇది నాడె గద!" అన్నాడు. మగ్గంలో నాడె అటూ ఇటూ కొట్టుకున్నట్టే దాంట్లో పిస్టన్లు కొట్టుకుంటాయి. ఆ సంగతి తెలిసిన సాయంత్రం ఆయన నాకు రెండుసార్లు చాయ్ తాగించాడు.

ఒక ఆదివారం పొద్దున నన్ను హైదరాబాద్ రోడ్డుకు తీసుకుపోయాడు. తీసుకుపోవడం అంటే, సైకిల్ నేను తొక్కాను, ఆయన వెనక కూర్చుని దారి చెప్పాడు. రోడ్డు పక్కన రాయి మీద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. చప్పుడును బట్టి బండి పట్టుకోవాలి. లారీలు, బస్సులు చాలా పోయాయి. అన్నీ సరిగ్గా చెప్పాడు. అంతలో ఎక్కడో దూరాన ఏదో గర్జించింది.

"వస్తున్నది విను. నాలుగు సిలిండర్లు. టర్బో ఉన్నది, ఈల వినవడ్తున్నదా? చోటాది గాదు లీడర్, ఇది పక్కా స్పోర్ట్స్ గాడి. పూనోడు ఎవడో బయటి దేశంకెల్లి తెప్పిచ్చిండు."

కళ్ళు తెరిచాం. సైలెన్సర్ ఊడిపోయిన ఉల్లిగడ్డల టెంపో వస్తోంది. రోడ్డు పక్కన ఇద్దరం బొమ్మల్లా కూర్చున్నామని చూసి, ఏమైందోనని డ్రైవర్ ఆపాడు.

"కాయ్ ఝాలం మామా?"

"కాహీ నాహీ. తుమ్చీ గాడీ లయి భారీ ఆహే!" అన్నాడు మామ. ఏం కాలేదు, మీ బండి బ్రహ్మాండం అని.

వాడు నిజమే అనుకున్నాడు. సంతోషంగా హారన్ కొట్టి మరీ వెళ్ళాడు. మామ రాయి మీద నుంచి జారిపడేంత నవ్వాడు. తన తప్పు మీద తాను అంత హాయిగా నవ్వుకునే మనిషిని నేను మా మీటింగుల్లో ఎక్కడా చూడలేదు. నేనైతే అసలే నవ్వలేను.

ఇంకో తప్పు మాత్రం ఆయనది కాదు. నేను ఆయన నక్షా ఒకటి ఫోటో తీసి, ఆ కార్ల పిచ్చివాళ్ళ గ్రూపులో పెట్టాను. రకరకాల దేశాలవాళ్ళు కంప్యూటర్ మీద ఊహాచిత్రాలు చేసి పెట్టే చోటు అది. ఆయన కారు కింద నవ్వుల వర్షం కురిసింది. చక్రాలు కోడిగుడ్లలా ఉన్నాయని, బండి రోడ్డు మీద గెంతుతూ పోతుందేమోనని. నాకు ఒళ్ళు మండి ఒక్కొక్కడికీ బదులు రాయడం మొదలుపెట్టాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"వాళ్ళ తప్పేంది రా? వాళ్ళు కాగితం చూస్తున్నరు. నేను బట్ట చూసి గీసిన."

చద్దరులో నిలువు పోగులూ అడ్డం పోగులూ ఒకే దగ్గరితనంతో పడవు. కాగితం మీద గుండ్రంగా గీస్తే బట్ట మీద కోలగా సాగుతుంది. అందుకని బట్ట మీద గుండ్రంగా రావాలంటే కాగితం మీద కోలగా గీయాలి. నలభై ఏళ్ళుగా ఆయన చెయ్యి అట్లాగే తిరిగింది. ఆ కోల చక్రాలు చూసే నాకు అర్థమైంది, ఆయన గీస్తున్నది చూసుకోవడానికి కాదని. నేయడానికి.

అడిగితే ఒప్పుకున్నాడు. షెడ్డులో మిగతా జకార్డులన్నీ పోయి కంప్యూటర్‌వి వచ్చాయి. నక్షాలు ఇప్పుడు పూనాలో ఎవరో స్క్రీన్ మీద గీసి పంపుతున్నారు. మూలన ఒక్క పాత జకార్డు మిగిలి ఉంది. తుక్కువాడు వచ్చేదాకా దాంతో ఏమైనా చేసుకో అని సేటు అన్నాడట. దాని మీద ఒక్క చద్దరు. ఒకే ఒక్కటి. ఆ కారుతో.

"అమ్మేటందుకు గాదు, కప్పుకునేటందుకు గాదు. ఇంజన్ తేలంగనె బానెట్ నింపుత. అట్టలు నువ్వు గొట్టాలె, నాకు చెయ్యి వణుకుతున్నది. వాళ్ళ గాడి రోడ్డు మీదికి రాకముందుకే మన సాంచె మీదికి రావాలె. లోకంల మొట్టమొదలు మన సోలాపూర్లనే!"

కొడతానని మాటిచ్చాను.

పాఠకులు నన్ను ఒక మంచి శిష్యుడిగా అనుకునేముందు, మా మధ్య తగువులు కూడా చెప్పాలి. నాకు కోపం ఎక్కువ. నేను చదివిన కరపత్రాలేవీ దాన్ని తగ్గించేవి కావు.

"సస్తా కారు అంటున్నరు మామా. ఎవలికి సస్తా?"

"వాళ్ళ దేశంల పిలగాండ్లకు."

"మన పిలగాండ్లకు?"

"మనోళ్ళకు కుంభారి బస్సున్నది."

"నేను గూడ అదే అంటున్న గదా!"

"అరె బాబా, నేను గూడ అదే అంటున్న. నువ్వు ఒర్లి చెప్తున్నవ్, నేను నిమ్మలంగ చెప్తున్న. గంతే ఫరక్."

అత్తమ్మ బీడీ కార్మికురాలు. ఆమెకు కుంభారి కాలనీలో ఇల్లు వచ్చాక ఇద్దరూ అక్కడికి మారారు. మామ మాత్రం రోజూ బస్సెక్కి అశోక్ చౌక్‌లో దిగి షెడ్డుకు వచ్చేవాడు. పని లేకపోయినా వచ్చేవాడు.

ఇక ఆ రోజు.

కంప్యూటర్ జకార్డుల వల్ల పని పోయినవాళ్ళ కోసం అశోక్ చౌక్‌లో ధర్నా పెట్టాం. నేనే ముందుండి పెట్టాను. వాడవాడా తిరిగాను. మామ వస్తానన్నాడు. ఆయన కోసమే కదా అని లోపల అనుకున్నాను కూడా. వచ్చింది పదకొండు మంది. వాళ్ళలో ఒకాయన చాయ్ బండివాడు. రెండు గంటలు ఎండలో నినాదాలిచ్చి, గొంతు పోయి, జెండా కర్ర భుజాన వేసుకుని షెడ్డుకు వెళ్తే, మామ పై గదిలో కళ్ళజోడు పెట్టుకుని ఫోను ముందు కూర్చుని ఉన్నాడు.

"ధర్నాకు వస్తనంటివి."

"వస్తుంటి రా. ఇయ్యాల్నే జపాన్ల కారు మీద పర్దా తీస్తున్నరంట. బొమ్మలొచ్చినయ్, కింద ఏదో రాసిన్రు. పొద్దటిసంది నీకోసమే కూసున్న. చదువు, చదువు. సిలిండర్లు ఎన్నంట?"

ఫోను తీసుకున్నాను. నాలుగు పేరాలు. నమూనా ఒకటి చూపించారు. తయారు చేసే ఆలోచన ఉంది. ఇంజన్ ఏదన్నది ఇంకా నిర్ణయించలేదు. తరవాత చెబుతాం. అంతే ఉంది అందులో. రెండేళ్ళుగా ఉన్నదే.

చదవడం అయ్యాక తల ఎత్తాను.

"బంద్ చేసిన్రు."

"ఏంది?"

"ఆ కారు. చెయ్యరంట. ఇగ ఎప్పటికి రాదు."

"కాయ్ సాంగ్తో!" నమ్మలేనప్పుడు ఆయన నోట మరాఠీ వచ్చేది. "ఎందుకంట?"

"నీ అసుంటోళ్ళు కొనరని."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. వచ్చింది. మామ కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"పాపం," అన్నాడు.

తన గురించే అనుకున్నాను. కాదు.

"ఎంతమంది కష్టపడి ఉంటరో దాని మీద. గీసినోడు, అచ్చులు చేసినోడు, ఇంజన్ విప్పి జోడిచ్చినోడు. పొద్దుగాల పనికొచ్చి చూస్తే బంద్ అని కాగితం అతికిచ్చి ఉంటరు గద."

నా సంచిలో ఉన్న ఏ కరపత్రంలోనూ, నేను రాసినవాటిలో కూడా, అట్లాంటి వాక్యం లేదు. అప్పుడే చెప్పాల్సింది. "లేదు మామా, ఝూట్ చెప్పిన" అని నాలుగు మాటలు. జెండా కర్ర తీసుకుని మెట్లు దిగి వచ్చేశాను.

రేపు చెబుదాం అనుకున్నాను. రేపు ఇంకో మీటింగు. ఆ తరవాత చెప్పడం ఇంకా కష్టమైంది, ఎందుకంటే అప్పుడు అబద్ధంతోపాటు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. ఒకసారి చౌక్‌లో కుంభారి బస్సు కిటికీలో కనిపించాడు.

"ఏం లీడర్, బాగున్నవా?"

"బాగున్న."

"అత్తమ్మ యాది చేస్తున్నది. ఒకపారి రారాదు?"

బస్సు కదిలింది. కారు ఊసు ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని నేను భయపడ్డాను. ఎత్తనందుకు తరవాత ఇంకా భయపడ్డాను.

నెల తిరగకముందే మూలన ఉన్న జకార్డు తుక్కుకు పోయింది. సేటు దగ్గర పనిచేసే మనిషి దారిలో ఆపి చెప్పాడు. "మీ మామనే తీసుకపొమ్మన్నడు. ఇగ నాకు దీంతోని పనిలేదన్నడు." ఆ మాట విన్నాక పరుగెత్తుకుంటూ కుంభారి వెళ్ళి ఉండాల్సింది. నేనేం చేశానో తెలుసా? యంత్రాలు మనుషులను ఎట్లా బయటికి తోసేస్తాయో ఒక కరపత్రం రాశాను. మంచి కరపత్రమే. అందరూ మెచ్చుకున్నారు. అందులో సేటును తిట్టాను, ప్రభుత్వాన్ని తిట్టాను. నేను చెప్పిన అబద్ధం అందులో లేదు.

మామ పోయిన మూడో రోజు, ఆ కబురు విన్న సాయంత్రమే కుంభారి వెళ్ళాను. అక్కడ ఇళ్ళన్నీ ఒకే కొలత, ఒకే రంగు. ఎన్ని వరసలు తిరిగినా ఒకే వీధిలోకి వచ్చినట్టుంటుంది. "జపాన్ మామ ఇల్లు" అని అడిగితే ఒకావిడ చేత్తో చూపించింది. ఈ పేరు ఇక్కడికి కూడా వచ్చిందన్నమాట.

అత్తమ్మ చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. అప్పుడే పనిలో కూర్చుందేమని నా మొహంలో కనిపించిందో ఏమో, తనే అంది.

"నానవెట్టిన ఆకు ఆగుతదా బిడ్డా. కూసో."

కూర్చున్నాను. ఏడవాలని వచ్చాను గానీ ఆమె చేతులు అట్లా ఆడుతూ ఉంటే ఏడవడం కుదరలేదు. కాసేపటికి ఆమె లేచి, గూట్లో నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ముందు పెట్టింది.

"నీకియ్యమని ఏం చెప్పలేదాయన. ఇట్ల పోతనని తెలిస్తె గద చెప్పుటానికి. నాకేం సమజైతది వీటిల? చూడు."

గళ్ళ కాగితాలు. అన్నీ నాకు తెలిసినవే. కోల చక్రాలు, ఖాళీ ముక్కులు. నేను చదివి చెప్పిన ఒక్కో వార్తకు ఒక్కో కాగితం. అన్నిటికంటే అడుగున ఒకటి నేను చూడనిది. ముక్కు నిండి ఉంది. ఎర్ర పెన్సిల్‌తో, గడి గడీ. పొట్టి ముక్కు. మూడు సిలిండర్లు. అందమైన కారు. నిజంగా అందమైనది. కానీ ఏదో తేడాగా ఉంది, ఏమిటో వెంటనే తెలియలేదు. కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి చూశాను.

చక్రాలు గుండ్రంగా ఉన్నాయి.

"ఇది ఎప్పుడు గీసిండు అత్తమ్మా?"

"జకార్డు తుక్కుకు పోయిననాడు. నేనే అడిగిన, ఇంజన్ తెలిసిందా, బానెట్ నింపుతున్నవని. వాళ్ళు చెయ్యరంట, ఇగ అడిగేటోడు లేడు, మన ఇష్టమే అన్నడు. సాంచె మీదికి గూడ ఎక్కది, ఉత్తగ కాగితం మీదనే ఉంటది, అందుకనే కాగితానికి తగ్గట్టు గీస్తున్న అన్నడు. గీసి గోడకు ఆనిచ్చి చూసుకున్నడు. అంతె. మల్ల పెన్సిల్ వట్టలేదు."

నేను చెప్పాను. తల వంచుకుని మొత్తం చెప్పాను. ధర్నా, పదకొండు మంది, ఫోను, నాలుగు పేరాలు, నేనన్న మాట. ఆమె చుట్టడం ఆపలేదు. నేను ఆపాక ఇంకో ఆకులో పొగాకు పోసి సర్దింది.

"అయితే ఆ గాడి వస్తదా?"

ఫోను తీసి చూశాను. ఆ సైట్లన్నీ ఇంకా అట్లాగే ఉన్నాయి. ఒకడు వచ్చే ఏడు అంటున్నాడు, ఒకడు ఆ పైయేడు. ఇంజన్ మీద మళ్ళీ కొత్త గొడవ.

"తెల్వదు అత్తమ్మా. వస్తదంటున్నరు. ఇంక ఏం తేలలేదు."

అప్పుడు ఆమె చేతులు ఆగాయి.

"గదే చెప్పకపోయినవ్ బిడ్డా. తెల్వదంటే అయిపోతుండె గద. ఆయన ఆ ఒక్క మాట మీదనే రెండేండ్లు నవ్వుకుంట బతికిండు."

కోపంగా అనలేదు. తిట్టి ఉంటే నాకు బదులు చెప్పడం వచ్చేది. తిట్లకు బదులివ్వడమే కదా నేను నేర్చుకున్నది.

ఆమె మళ్ళీ చాట దగ్గరికి జరుపుకుంది. పక్కింట్లో టీవీ మోగుతోంది, ఎవరో ఎవరినో అన్నానికి పిలుస్తున్నారు. గుండ్రని చక్రాల కాగితాన్ని ఆమె ముందే మడతపడకుండా సంచిలో పెట్టి, సంచిని గూట్లో పెట్టేశాను. నాకు ఇవ్వమని ఆయన చెప్పలేదు. ఆమె కూడా తీసుకుపొమ్మనలేదు.

"పో బిడ్డా. మల్ల బస్సు దొరకది."

బయటికి వచ్చాను. ఆ వరసలో ప్రతి గడప ముందూ నాలుగైదు జతల చెప్పులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, పనుల నుంచి అప్పుడే వచ్చినవాళ్ళవి. అత్తమ్మ గడప ముందు రెండు జతలున్నాయి. నావి తొడుక్కుని, రెండడుగులు వేసి, వెనక్కు తిరిగి చూశాను. ఆమె జత ఒక్కటే ఉంది.